చెరువుగట్టుకు చేరిన ధరవరలు

విజయవాడ వన్‌టౌన్ కొట్లలో పూర్వము గుమాస్తాగిరి చేసిన పెద్దల నెవరిని కదలించినను, ఉదయముననే మద్రాసుకో బొంబాయికో ట్రంకుకాలు బుక్ చేసి, లైను కలియువరకు టెలిఫోను ప్రక్కనే కాచుకొని కూర్చుండి, కలిసిన పిదప గొంతు చించుకొని మినుములకును పసుపునకును ఆనాటి ధరవరలు కనుగొని చిట్టాలో వ్రాసికొనిన సంగతులు కథలుగా చెప్పుదురు. ఆ ధర నెరిగిన షావుకారునకును, దాని నెరుగక సరకు బండికెత్తుకొని దివిసీమనుండి వచ్చిన రైతునకును నడుమ జరిగిన బేరము సమానుల బేరము కానేరదు. డెల్టాకు నీరిచ్చిన కృష్ణ ఆనకట్ట 1855లోనే పూర్తియైనది గాని, ఆ నీటితో పండిన పంట యెంత పలుకుచున్నదో పండించినవానికి వేళకు తెలియు కాలము మొన్నమొన్ననే వచ్చినది. దానిని తెచ్చినది చేతిలోని యీ చిన్న ఫోనే యని నా దృఢవిశ్వాసము.

1995 జూలై 31న కలకత్తానుండి జ్యోతిబసుగారు ఢిల్లీలోని సుఖరాంగారితో మాటాడి మనదేశమున సెల్‌ఫోనుకు శ్రీకారము చుట్టిరి గాని, వచ్చిన కాలుకు సైతము రుసుము చెల్లించవలసిన ఆ దినములలో అది ధనికుల అలంకారముగనే యుండెను. 2003లో ఆ రుసుము తొలగిన పిదపనే లారీడ్రైవరునకు, తాపీమేస్త్రీకి అది పనిముట్టయ్యెను. తెరను తాకి నడపు ఫోనును ఐ.బి.ఎం. సంస్థ 1994లోనే ‘సైమన్’ అను పేర అమ్మినను, 2007లో ఐఫోను, మరుసటి యేట ఆండ్రాయిడ్ ఫోను వచ్చిన తరువాతనే ఆ విద్య లోకవ్యాప్తమైనది. 2016లో యు.పి.ఐ. చెల్లింపులును, చౌకయైన జియో డేటాయు వచ్చిన తరువాత, బీసెంటురోడ్డున తోపుడుబండిపై జామకాయలమ్ము స్త్రీ యెదుట కూడ క్రమముగా క్యూఆర్ అట్ట వెలసినది.

కేరళ తీరమున 1997 మొదలు 2001 వరకు సెల్‌ఫోను ప్రవేశించిన రీతిని పరిశీలించి, రాబర్ట్ జెన్సెన్ అను ఆర్థికశాస్త్రవేత్త 2007లో ప్రకటించిన వ్యాసము నాకు మిక్కిలి యిష్టమైనది. నడిసముద్రమున నుండియే ఏ రేవులో చేపల కెంత పలుకుచున్నదో విచారించి పడవను అటు మరల్చిన జాలరులకు లాభము సుమారు 8 శాతము పెరుగగా, కొనువారికి ధర 4 శాతము తగ్గినదట. అమ్ముడుపోక పారవేయు చేప లేకపోయినదట. అది కేవలము మాటలాడు ఫోను సాధించిన పని.

మన కైకలూరు ప్రాంతపు రొయ్యల చెరువులయొద్ద స్మార్ట్‌ఫోను చేయు పని అంతకన్న విస్తారము. కిలోకు ముప్పది రొయ్యలు తూగిన 30 కౌంటు, నూరు తూగిన 100 కౌంటు; రొయ్య చిన్నదైనకొలది కౌంటు పెరుగును. వాట్సాప్ గ్రూపులో ప్రతిదినము కౌంటువారీగా రేట్లు వచ్చును. చదువురాని వృద్ధునకు “బాబాయ్, ఇవాళ రేటు పడిపోయింది, పట్టుబడి రెండు రోజులు ఆపుకో” యని ఆ ధర గొంతుగనే చేరును. నడిరేయి కరెంటు పోయి ఏరేటర్లు ఆగినచో నీటిలో ప్రాణవాయువు తగ్గి, తెల్లవారునప్పటికి రొయ్యలు తేలిపోవును. స్టార్టరులో సిమ్‌కార్డు అమర్చిన చోట, కరెంటు పోయిన వెంటనే ఫోను మ్రోగి రైతును మంచముమీదినుండి లేపుచున్నది. ఎన్ని కుటుంబముల అప్పు ఆ మ్రోతతో తప్పినదో!

అయినను ధర తెలిసినంతమాత్రమున అది దక్కదు. గట్టుమీద వలవేసి, కిలో తూచి, కౌంటు తీయువాడు కొనుగోలుదారుని మనిషి. కౌంటు రెండు పెరిగినను ధర క్రిందికి దిగును. లేదా, “ఇవాళ ప్రాసెసింగు ప్లాంటులో చోటు లేదు” అను ఒక్కమాటతో ఫోనులోని రేటు ఫోనులోనే నిలిచిపోవును. మేత ఖర్చు మాత్రము ఆగదు. వరి వలె రొయ్యను గాదెలో దాచుకొనుట కలదా? ఆ కారణముచే కొందరు యువకులు కౌంటు తీయుచుండగా వీడియో తీసికొనుచున్నారు. ఇది మిగుల మెచ్చదగిన పని. గ్రూపులో రేటు పెట్టినవాడు ఆ దినమంతయు ఆ రేటుకే కొనవలెననియు, ఉభయుల యెదుట కౌంటు తీసిన వీడియో ఇరువురియొద్దను ఉండవలెననియు చట్టముచే ఒక కట్టుబాటు ఏర్పడవలెను. ఏర్పరచుటకు ఇదియే తగిన సమయము.