మొండి నట్లు

వానాకాలమంతా ముట్టుకోకుండా వదిలేసిన ఇనుప గొళ్ళెం మీరెప్పుడైనా లాగి చూశారా? అది ససేమిరా రాదు. రెండు చేతులా లాగితే వేళ్ళు కందిపోతాయిగాని గొళ్ళెం కదలదు. పాత మోటారు సైకిలుకు బిగించిన నట్లు కూడా ఇలాగే మొండికెత్తుతాయి. అయితే గొళ్ళెం విరిగితే మరొకటి కొనుక్కోవచ్చు. ఇంజనులో దిగిన బోల్టు విరిగితే సంగతి వేరు.

మాది బందరు. మా నాన్నగారు చాలా ఏళ్ళు నడిపిన హీరో హోండా సి.డి. 100 బండి మా ఇంట్లో ఉన్నది. ఈ రకం బళ్ళు మన దేశంలో 1985లో వచ్చాయి. నాన్నగారు పోయాక అది రెండు వానాకాలాలు వసారాలో ఊరికే నిలబడింది. తరవాత మా తమ్ముడు దాన్ని తాను నడుపుతానన్నాడు. తీరా స్టార్టు చేస్తే, ఇంజనుకు సైలెన్సరు గొట్టం కలిసే చోట “ఫట్ ఫట్” మని పొగ తన్నుకొస్తున్నది. అక్కడ పేకింగు మార్చాలంటే రెండు నట్లు విప్పాలి. ఇంజను రెండో వైపున, పెట్రోలూ గాలీ కలిసి లోపలికి పోయే గొట్టానికి మరి రెండు బోల్టులున్నాయి. అక్కడి పేకింగు కూడా పాడయింది.

తమ్ముడు పానాకు మీటరు పొడవు ఇనుప గొట్టం తొడిగి, “అన్నయ్యా, ఒక్క పట్టు పడితే వచ్చేస్తుంది,” అన్నాడు.

“వస్తుంది. కాని ఏది వస్తుందో చెప్పలేం. ఆగరా!” అన్నాను.

ఎందుకు ఆగమన్నానో లెక్క చూడండి. ఆ బోల్టు లావు 6 మిల్లీమీటర్లు. మర చుట్ల లోతు పోగా లోపల మిగిలే ఇనుము 5 మిల్లీమీటర్లు కూడా ఉండదు. దాన్ని బిగించటానికి జానెడు పానా చివర 5 కిలోల బరువంత బలం చాలు. మీటరు గొట్టం తొడిగితే అదే చెయ్యి అయిదు రెట్లు గట్టిగా మెలిపెడుతుంది. తుప్పు వదలక ముందే బోల్టు తెగుతుంది. తెగిన ముక్క ఇంజను హెడ్డులో ఉండిపోతుంది. దాన్ని బరమాతో తొలిచి తియ్యాలి. హెడ్డు మెత్తని అల్యూమినియం, ముక్క గట్టి ఇనుము. బరమా గట్టిదాన్ని వదిలి మెత్తనిదాని వైపు జారిపోతుంది. అలా హెడ్డు పాడయి, ఖర్చుకు జడిసి, బండిని తూకానికి అమ్మేసినవాళ్ళున్నారు.

ఇంతకూ నట్టు ఎందుకు పట్టేస్తుంది? తుప్పు పడితే ఇనుము తరిగిపోతుందనుకుంటాం. నిజానికి ఉబ్బుతుంది. ఇనుమూ, ప్రాణవాయువూ, నీరూ కలిసి తుప్పు అవుతాయి. ఆ తుప్పుకు, అది తిన్న ఇనుముకన్న రెండింతలకు పైగా చోటు కావాలి. మర చుట్ల మధ్య అంత చోటెక్కడిది? అందుచేత సందులో చీల దిగగొట్టినట్టు నట్టునూ బోల్టునూ బిగించేస్తుంది. పైగా సైలెన్సరు నట్లు ముందు చక్రం వెనకనే ఉంటాయి. చక్రం చిమ్మే బురదనీళ్ళు తిన్నగా వాటిమీదనే పడతాయి. ఇంజను వేడికి ఆరతాయి, మళ్ళీ తడుస్తాయి. తుప్పుకు ఇంతకన్న ఏం కావాలి!

రెండో వైపు బోల్టుల కథ వేరు. అక్కడ కనిపించింది ఎర్రని తుప్పు కాదు, తెల్లని పొడి. ఇనుప బోల్టు అల్యూమినియంలో దిగి ఉన్నది గదా! రెండు వేరు వేరు లోహాల మధ్య తడి చేరితే విద్యుత్తు పుడుతుంది. 1800లో వోల్టా మొదటి బాటరీని చేసింది ఇలాగే. ఈ బుల్లి బాటరీలో అరిగిపోయేది అల్యూమినియం. తడిలో ఉప్పు ఉంటే పని మరీ చురుకుగా సాగుతుంది. సముద్రపు గాలి కొట్టే మా ఊళ్ళో ఉప్పుకు లోటా?

మేము తొందరపడలేదు. ఇంజను బాగా చల్లగా ఉన్నప్పుడు, కిరసనాయిలులో పల్చని మిషను నూనె కలిపి, పొద్దునా సాయంత్రమూ సైలెన్సరు నట్ల మీద చుక్కలు వేశాం. దీపం వత్తిలోకి కిరసనాయిలు పాకినట్టే అది సన్నని సందుల్లోకి కూడా పాకుతుంది. వేసినప్పుడల్లా నట్టును చిన్న సుత్తితో తట్టాం. తుప్పు పెళుసు గనక ఆ అదురుకు బీటలిస్తుంది, బీటల్లోకి నూనె దిగుతుంది.

మూడోనాడు, నట్టు ఆరు మూలలనూ పట్టే పానా వేసి, మొదట బిగించే వైపుకు వెంట్రుకవాసి తిప్పాం. విప్పటానికి బిగించటమేమిటని తమ్ముడు నవ్వాడు. ఎటు కదిలినా తుప్పు పొర విరుగుతుంది మరి! ఇక్కడ చేతికి తెలిసేదాన్ని జాగ్రత్తగా గమనించాలి. నట్టు “కిర్రు” మంటే మంచిదే, వదులుతున్నదన్న మాట. చప్పుడు లేకుండా, రబ్బరు సాగినట్టు మెత్తగా తిరిగితే వెంటనే ఆపాలి. అప్పుడు తిరిగేది నట్టు కాదు, లోపల బోల్టు మెలిపడుతున్నది.

మొదటి నట్టు కిర్రుమన్నది. కాస్త విప్పి, మళ్ళీ కాస్త బిగించి, ఒక చుక్క నూనె వేసి, ఇలా అరగంట చేశాక చేతికి వచ్చింది. రెండోది మెత్తగా తిరిగింది. ఆపేశాం.

మా వీధి చివర ఉండే మేస్త్రీగారు వచ్చి చూసి, “దీన్ని విప్పబోకండి బాబూ, కోసెయ్యాలి,” అన్నారు. ఆయన సన్నని రంపంతో నట్టును ఒక పక్క నిలువునా కోసి, లోపలి మర ఇంకా కాస్త దూరం ఉండగానే రంపం ఆపి, ఉలి పెట్టి చీల్చారు. నట్టు రెండయింది, బోల్టు దక్కింది. చిన్న నట్టు ఖరీదెంత గనక! నాకు ఆయన పనిలో అన్నిటికన్న నచ్చింది, రంపాన్ని సరిగా అక్కడ ఆపటమే.

రెండో వైపు బోల్టులకు వేడి కావాలి. మీటరు పొడవుగల ఇనుప కడ్డీని 100 డిగ్రీలు అదనంగా వేడిచేస్తే సుమారు 1.2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అల్యూమినియం కడ్డీ 2.3 దాకా పెరుగుతుంది. అంటే, వేడికి బోల్టుకన్న దాని చుట్టూ ఉన్న రంధ్రమే ఎక్కువ పెద్దదవుతుంది. అయితే అది పెట్రోలు తిరిగే చోటు. పెట్రోలు ఆవిరి కంటికి కనపడదు, దూరాన ఉన్న నిప్పును కూడా అందుకుంటుంది. అందుచేత మేస్త్రీగారు టాంకీ, కార్బురేటరూ ఊడదీసి వీధి అవతల పెట్టించి, మంట జోలికి పోకుండా, సలసల కాగే నీళ్ళలో ముంచిన గుడ్డలు చిమటాతో తీసి హెడ్డుకు చుట్టారు. ఇవన్నీ పెద్దవాళ్ళు చెయ్యవలసిన పనులు. మీరు పక్కన నిలబడి చూడవచ్చు. నాలుగుసార్లు గుడ్డలు మార్చాక రెండు బోల్టులూ తెల్లని పొడి రాల్చుకుంటూ బయటికి వచ్చాయి.

తిరిగి బిగించేటప్పుడు బోల్టులకు రాగి పొడి కలిపిన గ్రీజు రాశాం. సైలెన్సరుకు ఇత్తడి నట్లు వేశాం. ఇత్తడి ఇనుములాగా తుప్పు పట్టదు.

తమ్ముడు ఇప్పుడు ఆ బండి మీదనే కాలేజీకి పోతున్నాడు. పానాకు తొడిగిన ఇనుప గొట్టాన్ని మా అమ్మ సొరపాదు పందిరికి వాడుకున్నది.