బషీర్‌బాగ్‌లో అణువిద్యుత్తు ముచ్చట

అసెంబ్లీ మెట్రో స్టేషన్‌లో దిగి, పబ్లిక్ గార్డెన్స్ పక్క నుంచి లాల్ బహదూర్ స్టేడియం మీదుగా నడిస్తే బషీర్‌బాగ్ చౌరస్తా వస్తుంది. నిజాం కొలువులో దివానుగా చేసిన సర్ ఆస్మాన్ జా కట్టించిన బషీర్‌బాగ్ ప్యాలెస్ ఇప్పుడు లేదు. పేరు మాత్రం పేటకు నిలిచింది. 1887లో మొదలైన నిజాం కాలేజీలోకి పిల్లలు ఇప్పటికీ పుస్తకాల సంచులతో పరుగున పోతూ కనిపిస్తారు. దేశోద్ధారక భవన్‌లోని ప్రెస్ క్లబ్ ముందు విలేకరుల బైకులు బారులు తీరి ఉంటాయి.

ఈసారి నేను వచ్చింది కొందరు ఇంజనీరింగ్ విద్యార్థులను కలుసుకోవడానికి. అణువిద్యుత్తు రంగంలో సొంత కంపెనీ పెట్టాలని వాళ్ల పట్టుదల. నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియం దగ్గరికి రమ్మన్నారు.

వాళ్లలో ఒక అమ్మాయి సంచిలోంచి అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా తీసింది. లోపల సన్నటి గాజు గొట్టం, దానికి నాలుగు వందల వోల్టులు అందించే చిన్న సర్క్యూట్, ఒక బ్యాటరీ. గొట్టంలోకి రేడియేషన్ చొరబడితే అందులోని వాయువు ఒక్క క్షణం విద్యుత్తును ప్రవహింపజేస్తుంది, డబ్బా ‘టిక్’ మంటుంది. చేతిలో పట్టుకున్నంతసేపూ ఆగి ఆగి మోగింది. దారి పక్కనున్న గ్రానైట్ బండ మీద పెట్టగానే టిక్కులు కాస్త దగ్గర దగ్గరగా పడ్డాయి. హైదరాబాద్ గ్రానైట్‌లో యురేనియం, థోరియం, పొటాషియం సహజంగానే ఉంటాయి. “ఇది మనం పుట్టకముందు నుంచే ఉన్నది సార్. ఎంతున్నదో తెలిస్తే భయం ఎంత పడాలో తెలుస్తది” అన్నదా అమ్మాయి. అణుకేంద్రాలు, యురేనియం గనుల చుట్టుపక్కల ఊళ్లలో ఇలాంటి డబ్బాలు పెట్టి, వాటి లెక్కలు ఊరివాళ్ల ఫోన్లలోకి తెలుగులో వచ్చేలా చేయాలన్నది ఆమె వ్యాపార ఆలోచన. మరో కుర్రాడు రియాక్టర్ గొట్టాల లోపలికి వెళ్లి పగుళ్లు వెతికే చిన్న రోబో బొమ్మ గీసి చూపించాడు.

ఈ ఉత్సాహానికి కారణం ఉంది. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్రం చిన్న రియాక్టర్ల పరిశోధనకు 20 వేల కోట్ల రూపాయలు ప్రకటించింది. 2047 నాటికి 100 గిగావాట్ల అణువిద్యుత్తు లక్ష్యమని చెప్పింది. అదే ఏడాది డిసెంబర్‌లో పార్లమెంటు ‘శాంతి’ బిల్లును ఆమోదించి, 1962 నాటి అణుశక్తి చట్టాన్ని పక్కన పెట్టి, ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచింది. ఆరు దశాబ్దాలు ప్రభుత్వం చేతిలోనే ఉన్న రంగంలోకి ఇరవై ఏళ్ల పిల్లలు తొంగిచూస్తున్నారు.

హైదరాబాద్ ఈ పనికి కొత్త ఊరు కాదు. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన ఎ.ఎస్. రావు 1967లో ఇక్కడ ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ను నిలబెట్టారు. రియాక్టర్లను నడిపే నియంత్రణ వ్యవస్థలు విదేశాల నుంచి తెచ్చుకోనక్కర లేదని ఆయన నమ్మారు, చేసి చూపించారు. 1971లో వచ్చిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ దేశంలోని భారజల రియాక్టర్లకు ఇంధనం తయారుచేస్తోంది. యురేనియం బిళ్లలు నింపిన జిర్కోనియం మిశ్రమలోహపు గొట్టాలను 19 చొప్పున కట్టగా బిగిస్తారు. అర మీటరు పొడవున్న ఆ కట్టలే 220 మెగావాట్ల రియాక్టర్లకు ఇంధనం. 1970లో ముగ్గురు ఇంజనీర్లు బాలానగర్‌లో మొదలుపెట్టిన ఎంటార్ ఇవాళ రియాక్టర్లలో ఇంధనం మార్చే యంత్రాలకు కీలక భాగాలు చేసే పెద్ద కంపెనీ. రియాక్టరే కట్టాలని పట్టుపట్టకుండా దానికి కావలసిన ఒక్క భాగాన్ని లోపం లేకుండా చేసి ఎదిగిన కంపెనీ అది. మన పిల్లలు మొదట చదవాల్సిన పాఠం ఇదేనని నా నమ్మకం.

వాళ్లతో అమెరికా ముచ్చట కూడా వచ్చింది. 2016లో బర్క్‌లీ యూనివర్సిటీలో విద్యార్థులను జట్లుగా కూర్చోబెట్టి అణుశక్తిలో కొత్త వ్యాపారాలు ఆలోచింపజేసే బూట్‌క్యాంప్ జరిగింది. అంతకుముందే, 2011లో, ఎంఐటీ విద్యార్థులు లెస్లీ డ్యువాన్, మార్క్ మాసీ ట్రాన్సటామిక్ పవర్ అనే కంపెనీ పెట్టారు. టన్ను యురేనియం నుంచి మామూలు రియాక్టర్ కంటే 75 రెట్లు విద్యుత్తు తీస్తామన్నారు. పెట్టుబడి వచ్చింది, పేరు వచ్చింది. ఎంఐటీ ఆచార్యులు లెక్క సరిచూస్తే తప్పు బయటపడింది. 75 రెట్లు కాస్తా రెండు రెట్లకు పైన అని దిద్దుకోవాల్సి వచ్చింది. 2018లో కంపెనీ మూతపడింది. అయినా తమ డిజైన్లను అందరికీ ఉచితంగా విడుదల చేసి మరీ తప్పుకున్నారు. నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది అక్కడే.

మన ఊళ్లోనే హైలెనర్ అనే స్టార్టప్ 2024లో తక్కువ శక్తి అణుచర్యల యంత్రాన్ని ప్రదర్శించి, ఇచ్చిన విద్యుత్తు కంటే ఎక్కువ వేడి వస్తోందని ప్రకటించింది. 1989లో అమెరికాలో ఫ్లైష్‌మన్, పాన్స్ ఇలాంటి ప్రకటనే చేస్తే ఇతర ప్రయోగశాలల్లో ఆ ఫలితం నిలబడలేదు. కనుక ఇక్కడైనా, ఎక్కడైనా, సంబంధం లేని మరో ల్యాబ్ అదే ఫలితం తెచ్చి చూపించాకే నమ్మాలి. శాస్త్రంలో అదొక్కటే గీటురాయి.

కొండ దిగి పిల్లలను షహీద్ చౌక్‌లోని విద్యుత్ అమరవీరుల స్థూపం దగ్గరికి తీసుకెళ్లాను. 2000 సంవత్సరం ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపునకు వ్యతిరేకంగా ‘ఛలో అసెంబ్లీ’ అంటూ కదిలిన జనం మీద బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. రామకృష్ణ, విష్ణువర్ధన్ రెడ్డి, బాలస్వామి ప్రాణాలు కోల్పోయారు. ప్రపంచ బ్యాంకు అప్పుతో విద్యుత్ బోర్డును ముక్కలు చేసి, సంస్కరణల పేరుతో బిల్లు పెంచిన రోజులవి. 2004లో ప్రభుత్వం మారినప్పుడు కొత్త ముఖ్యమంత్రి తొలి సంతకం రైతుల ఉచిత విద్యుత్తు ఫైలు మీదే పడింది. ఆ పిల్లలు అప్పటికి పుట్టనైనా లేదు. చాలాసేపు ప్రశ్నలు అడిగారు. రోబో బొమ్మ గీసిన కుర్రాడు, “అయితే మన కరెంటు యూనిట్ ఎంతకు పడుతుందో ముందే చెప్పాలి” అన్నాడు.

అవును, చెప్పాలి. ధర ఒక్కటే కాదు, జనం అడిగే ప్రతి ప్రశ్నకూ జవాబు ఉండాలి. ఇక్కడికి కూతవేటు దూరంలోని శాసనసభే 2019 సెప్టెంబర్‌లో నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. అడవి బిడ్డలు, ఊళ్లు, పట్నం కలిసి అడిగితే వచ్చిన తీర్మానం అది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఒక్కొక్కటి 1208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు కడతామని చెప్పి ఏళ్లు గడిచాయి. భూమి ఇచ్చిన కుటుంబాల ప్రశ్నలకు జవాబు చెప్పకుండా ఏ యంత్రమూ ముందుకు కదలదు.

అణువిద్యుత్తు మనకు అవసరమనే నా అభిప్రాయం. బొగ్గు పొగ తగ్గాలి, రాత్రీ పగలూ కరెంటు ఉండాలి. అయితే దాన్ని జనానికి తెలియకుండా, జనం మీద రుద్ది తేలేం. కంపెనీ పెట్టబోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా మనవి ఒక్కటే. పెట్టుబడిదారుడి ముందు కూర్చునే ముందు నాలుగు ప్రశ్నలకు తెలుగులో జవాబు రాసుకోండి: యూనిట్ ధర ఎంత? వ్యర్థాలు ఎక్కడ పెడతారు? ప్రమాదం జరిగితే పరిహారం ఎవరిస్తారు? మీ లెక్క సరిచూసింది ఎవరు? ఆ నాలుగు జవాబులూ ఊరి రచ్చబండ మీద చదివి వినిపించగలిగితే మీ వ్యాపారం నిలబడుతుంది.