పనాయ్ దీవిలో పదునైదు దినములు

ఫిలిప్పీను రాజ్యమున దీవులు 7,600లకు పైబడి యున్నవి. వానిలో నడిమి దీవులకు విసాయాలని పేరు. ఆ విసాయాలలో పడమటి దిక్కున ముక్కోణపు టాకృతితో నున్నది పనాయ్ దీవి. ఇలోయిలో, కాపిజ్, అంటీకె, అక్లాన్ అను నాలుగు మండలము లందున్నవి. మన తెలుగునాటి నుండి వైద్యవిద్యకై ఫిలిప్పీనులకు బోవు బాలబాలికలు నేడు పెక్కుమంది. మా యాడుబిడ్డ కుమార్తెయు ఇలోయిలో నగరమున నట్లే చదువుచున్నది. దానిని జూచి వత్తమని వేసవి సెలవులలో మా వారితో గూడ మేమచటికి బోయి పదునైదు దినము లుంటిమి. విమానపు బడలికలును, మనీలాలో నిరీక్షణలును వ్రాయుటవలన చదువరులకు లాభము లేదు. కావున వానిని విడిచి, సోదరీమణులకు రుచించునని తోచిన సంగతులనే వ్రాయుచున్నాము.

పిల్ల నివసించు ఇంటి యజమానురాలు పంతులమ్మగా పనిచేసి విశ్రాంతి గైకొన్న పెద్దావిడ. అచటివారు తమకంటె పెద్దయైన స్త్రీని 'మనాంగ్' అని పిలుతురు. మన 'అక్కయ్య' వంటి మాట. ఆమెను మేమును మనాంగ్ అనియే పిలిచితిమి. ఇలోయిలోవారి భాషకు హిలిగైనోన్ అని పేరు. వారు మాటలాడునపుడు స్వరమును సాగదీసి మెల్లగా దింపుదురు. వారు కోపించినను లాలించినట్లే యుండునని తక్కిన దీవులవారు పరిహాసము చేయుదురట. ఆ దేశమున ఉపాధ్యాయుని 'గురో' అందురు; ఆశను 'ఆసా' అందురు; అడవులలోని దేవతలను 'దివాతా' లందురు. మన సంస్కృత శబ్దములు మలయా దీవుల మీదుగా సముద్రము దాటి యచట నిలిచినవి. కాని మాకు వీనికంటెను ప్రియమైన మాటలు వేఱు మూడున్నవి. ఇంగ్లీషులో వరికిని, బియ్యమునకును, అన్నమునకును ఒక్కటే మాట గదా! హిలిగైనోన్‌లో నట్లు గాదు. పొలములోని వరి 'హుమాయ్', దంచిన బియ్యము 'బుగాస్', వండిన యన్నము 'కన్-ఓన్'. మూడుపూటల నన్నము దినువారి భాష యిట్లే యుండవలెను.

ఇక వంట సంగతి. ఇలోయిలో నగరమును 2023వ సంవత్సరమున యునెస్కో సంస్థవారు పాకకళకు ప్రసిద్ధమైన నగరములలో నొకటిగా నెన్నుకొనిరి. ఫిలిప్పీనులలో నీ గౌరవము మొదట బొందిన నగర మిదియే. అచట నెల్లరు మొదట చెప్పునది 'బాచోయ్'. లా పాజ్ అను పేటలోని అంగడిలో, 1930, 1940 సంవత్సరముల ప్రాంతమున నిది పుట్టినదందురు. ఎముకలు మరగించిన చారులో గోధుమపిండి సేవెలు వేసి, పంది కాలేయము మున్నగు లోపలి భాగములను, వేచిన చర్మపు పొడిని, వేచిన వెల్లుల్లిని పైన జల్లి, వేడివేడిగా గిన్నెలతో నిత్తురు. తెల్లవారకముందే బండివాండ్రును, కూరగాయలమ్ము స్త్రీలును బల్లలచుట్టు చేరి దీనిని త్రాగుచుందురు. మేము శాకాహారులము గనుక చూచితిమే గాని రుచి యెఱుగము.

శాకాహారి కా దీవిలో నేమి దొరకునని మీరడుగవచ్చును. మొదటి రెండు దినములు మాకును ఆ దిగులే పట్టుకొనినది. ఆకుకూరలోనైన ఎండురొయ్యలు వేయనిదే వారికి తోచదు. మూడవదినమున మనాంగ్ మమ్ము లా పాజ్ అంగడికి దీసికొని పోయినది. అచట నొక బుట్టలో నల్లని గింజలు కుప్పగా నుండెను. 'కాద్యోస్' అని యామె చెప్పినది. చేతబట్టి చూచితిమి గదా, అవి మన కందులే! కంది మన దేశమున బుట్టిన పైరు. అది ఎన్ని ఓడలెక్కి యచటికి జేరినదో! వారు పప్పుగా విఱువక గింజ గింజగానే యుడికింతురు. పులుసంతయు ఊదానలుపుగా మాఱును. అందు లేతపనసకాయ ముక్కలు వేసి, 'బాట్వాన్' అను పుల్లనికాయతో పులుపు చేర్తురు. చింతపండునకు మాఱుగా పనాయ్‌వారి కీ కాయయే ప్రాణము. పందిమాంసము లేక యీ వంట వండుట వారి యాచారము గాదు. అయినను మనాంగ్ మాకై మాంసము మాని వండిపెట్టినది. కందియు పనసయు గలిసిన యా పులుసుతో నన్నము దినుచున్నపుడు మేము పరదేశమున నున్నామన్న తలపే పోయినది. మన కోనసీమవారు పనసపొట్టుతో నెన్నో చేయుదురు గాని, కందిగింజలతో జతచేసినట్లు వినలేదు. చేసి చూడదగినది. బాట్వాన్ లేకున్న చింతపండు చాలును.

మునగాకు, బెండ, గుమ్మడి, వంకాయ కలిపి నీళ్లలో నుడికించు 'లస్వా' యనునది వారి నిత్యపు కూర. నూనె లేదు, పోపు లేదు. మొదట చప్పగా దోచినను, వేసవిలో కడుపునకు హాయిగా నుండెను. తీపివంటలలో 'ఈబోస్' మాకు నచ్చినది. జిగురుబియ్యమును కొబ్బరిపాలతో గలిపి, లేత కొబ్బరాకును గొట్టముగా జుట్టి, అందు నింపి యుడికింతురు. మన పొట్టిక్కలను బుట్టలలో నుడికించుట జ్ఞాపకమునకు వచ్చినది. దానిని మామిడిపండుతో గలిపి తినవలెను. వేచిన బియ్యపుపిండిని కొబ్బరికోరుతోను, చక్కెరతోను రోట దంచిచేయు 'బాయె-బాయె' మన చలిమిడికి చెల్లెలు.

మామిడి పేరెత్తితిమి గనుక గిమరాస్ సంగతి చెప్పవలెను. ఇలోయిలో రేవునుండి పడవలో పావుగంట పోయినచో ఆ చిన్న దీవి వచ్చును. మామిడిని వారు 'మంగ్గా' యందురు. అరవల మాంగాయ్ ఈ మాటకు మూలము. గిమరాస్ మామిడి చిన్నది, పీచు లేనిది, మిక్కిలి తియ్యనిది. బయటి మామిడిపండ్లను ఆ దీవిలోనికి దేనీయరు. టెంకపురుగు రాకుండుటకై యీ కట్టడి. రేవులో బుట్టలు వెదకుదురు! నూజివీడు రసముల నెఱిగిన మేము దానిని తక్కువ చేయబోయితిమి గాని, రెండవపండు తరువాత మా వారు 'ఇక మాటలాడకుము' అనిరి. ఈ దీవి దక్షిణతీరమున 2006 ఆగస్టు 11వ తేదీని నూనె నింపుకొన్న యోడ యొకటి మునిగినది. నల్లనూనె తీరమంతయు పరచుకొని, మడచెట్లును చేపలును నశించి, జాలరి కుటుంబములు దినభోజనమునకు వెదకుకొనవలసి వచ్చినది. నేడు నీరు తేటగానే కనబడును. తీరమున చేపలెండబెట్టు స్త్రీ యొకతె మాత్రము ఆ యేడాది మాట వచ్చినంతనే పని నిలిపి సముద్రమువైపు చూచినది.

మియగావ్ పట్టణము నగరమునకు పడమట సుమారు 40 కిలోమీటర్లు. అచటి దేవాలయము 1797లో పూర్తియైనది. 1993 నుండి యునెస్కోవారి జాబితాలో నున్నది. కోటవలె దళసరి గోడలు, సరిసమానము గాని రెండు గోపురములు, తేనెవన్నె ఱాయి. సముద్రపు దొంగల భయముచే నట్లు కట్టిరట. ముంగిటిగోడమీద శిల్పు లేమి చెక్కిరనుకొన్నారు? నడుమ కొబ్బరిచెట్టు! బాలయేసును భుజమునకెత్తుకొన్న క్రిస్తఫర్ అను భక్తుడు ఆ కొబ్బరిబోదెను పట్టుకొని యేఱు దాటుచున్నాడు. ఇరువైపుల బొప్పాయి, జామ. మతము స్పెయిన్ దేశమునుండి వచ్చినను, చెట్లు తమ పెరటివే.

ఇలోయిలోలోనే మోలో పేటయందు మరియొక దేవాలయము గలదు. లోపల స్తంభముల వరుసలలో నున్న ప్రతిమ లన్నియు స్త్రీలవే, పదునాఱుగురు పుణ్యస్త్రీలు. మేము పోయిన సాయంకాలమున నొక ముసలమ్మ ఒక్కొక్కరి పాదము తాకి కన్నుల నద్దుకొనుచు పదునాఱుగురను దర్శించినది. హారో పేట దేవాలయమున మేరీమాత ఱాతివిగ్రహ మేటేట పెరుగుచున్నదని జనుల నమ్మిక. మన యాగంటి బసవన్న సంగతి మనాంగ్‌కు చెప్పగా ఆమె ఆశ్చర్యపడక, 'అయితే మీకును తెలియునన్నమాట' అన్నది.

నేతను గూర్చి కొంత విపులముగా వ్రాయవలసి యున్నది. ఇలోయిలో ఒకప్పుడు మగ్గముల నాడు. ఇంటింట స్త్రీలు అరటినారవంటి అబకా నారతోను, అనాసనారతోను, పట్టుతోను కలిపి నేసి, దేశాంతరములకు బంపుచుండిరి. 1855లో ఇలోయిలో రేవు పరదేశ వర్తకమునకు దెఱువబడినది. మఱుసటి యేట నికొలస్ లోనీ యను ఇంగ్లీషు ఉపరాయబారి వచ్చెను. ఆయన యచటి స్త్రీలు నేయు నమూనాలనే మాంచెస్టరు మిల్లులలో నేయించి చౌకగా దిగుమతి చేయించెను. మరలిపోవు ఓడలలో చక్కెర నింపుటకై ఎదుటి నెగ్రోస్ దీవిలో చెఱకుతోటలకు పెట్టుబడులు సమకూర్చెను. కొలది సంవత్సరములలో మగ్గములు మూలబడినవి, చెఱకుతోటలు పెరిగినవి. రేవుగట్టునకు నేటికిని ఆయన పేరే యున్నది. మాంచెస్టరు గుడ్డ యేమి చేయునో మన బందరు అద్దకపువారికిని, సాలెవారికిని వేఱుగా చెప్పనక్కరలేదు. ఆ గట్టుమీద నిలిచి యా పేరు చదివినపుడు మాకు మనసు కలుక్కుమన్నది.

అయినను నేత పూర్తిగా జావలేదు. మియగావ్ చెంత ఇండగ్-అన్ అను పల్లెలో స్త్రీలు సహకారసంఘముగా జేరి 'హాబ్లోన్' బట్టలు నేయుచున్నారు. గళ్లు, చారలు, మెఱపు రంగులు. అక్లాన్ మండలపు కాలిబోలో జరుగు అనాసనార నేత మరింత సూక్ష్మము. అనాసయాకును పింగాణిపళ్లెపు ముక్కతో గీకి ముదుకనారను, పిమ్మట కొబ్బరిచిప్పతో గీకి సన్ననారను దీయుదురు. కడిగి యారవేసిన పోగులను ఒక్కొక్కటిగా కొనకు కొన ముడివేయుట వృద్ధస్త్రీల పని. ముడి కంటికి కనబడరాదు. ఆ దారముతో దినమంతయు నేసినను గజమైన సాగదు. వచ్చిన బట్టయో, తుమ్మెదఱెక్క! ఈ నేతను 2023లో యునెస్కోవారు మానవజాతి వారసత్వముగా గుర్తించిరి. ముడివేయు అవ్వకు దొరకు కూలి యెంతయని అడిగితిమి. చెప్పిన మొత్తమును విని, ఆ బట్ట అంగడిలో పలుకు వెలను తలచుకొని మేము మిన్నకుంటిమి.

బోరాకాయ్ దీవి పేరు మీరు వినియుందురు. లోకమందలి యాత్రికులంద ఱచటికే పోవుదురు. ఇసుక పిండివలె తెల్లన. మురుగు సముద్రమున గలియుచున్నదని 2018 ఏప్రిల్ 26న ప్రభుత్వమువారు దీవినంతయు మూసివేసి, ఆఱునెలలు బాగుచేసి, అక్టోబరు 26న తెఱచిరి. ఒకేకాలమున 19,215 మంది యాత్రికులకు మించరాదని హద్దు పెట్టిరి. మన పుణ్యక్షేత్రముల పుష్కరిణులను గూర్చి యిట్టి తెగువ యెవరికైన గలుగునా యనిపించినది. మే మచట నొక్కదినమే యుంటిమి.

కడపట చెప్పబోవునది మా మనసున మిక్కిలి నాటినది. దీవి నడిమి కొండలలో పనాయ్ బుకిద్నోన్ అను జనులు గలరు. వారి కుటుంబములలో చక్కని బాలిక నొకతెను చిన్ననాడే యెంచి, గదిలో దాచి, ఎండ సోకనీయక, పని చేయనీయక, పరులకు చూపక పెంచెడి యాచార ముండెను. ఆమెకు 'బినుకోట్' అని పేరు. చుట్టి దాచబడినది యని యర్థము. ఆమెకు గొప్ప ఓలి పలుకును. ఆ గదిలో నామె నేర్చు పనులలో కుట్టుపనియు, పురాణగానమును ఉండెను. రాత్రుల తరబడి సాగు వీరగాథలను పెద్దలవద్ద విని కంఠస్థము చేయును. వానికి 'సుగిదనోన్' అని పేరు. లాండా హొకానో అను పండితుడు 1950 ప్రాంతపు సంవత్సరములలో వానిని సేకరించి 'హినిలావోద్' పేరున ప్రకటించెను. ఈ గాథల గాయకుడైన ఫెదెరీకో కబల్యేరో యనువారికి 2000లో ప్రభుత్వము జాతీయగౌరవ మిచ్చినది. దాచి పెంచు నాచారము నేడు దాదాపు అంతరించినది.

మేమును బడికి బోక, ఇంటిలోనే తండ్రిగారివద్ద కావ్యములు చదువుకొన్నవారమే. కావున నా గది కథ మాకు పరాయికథగా దోచలేదు. 'ఆ పిల్లలను దాచకపోయినచో ఈ పాట నిలిచియుండునా?' యని మనాంగ్ నడిగితిమి. ఆమె కొంతసే పూరకుండి, 'మా యవ్వ చెల్లెలికి ఏరు దాటుట చేతగాదు. ఊయలలో మోసికొని పోయెడివారు. ఆమెకు పాట వచ్చును. నడక రాదు' అన్నది. మా మేనకోడలు, 'అత్తయ్యా, నన్నట్లు దాచియుంటిరా, ఎముకల పేర్లన్నియు పాటగా నేర్చియుందును' అని నవ్వినది. మేము నవ్వలేకపోతిమి.

కలినోగ్ పట్టణమునకు పైని కొండపల్లెలలో నిపుడు పిల్లలకు పాటయు, కుట్టును, నాట్యమును నేర్పు సంప్రదాయ పాఠశాల లున్నవి. ఒక శనివారము మేము పోయితిమి. వెదురుగోడల చావడిలో ఒక వృద్ధురాలు పాడుచుండగా, చుట్టును పదిమంది పిల్లలు, మగపిల్లలును గలసి, పల్లవి యందుకొనుచుండిరి. పదకొండేండ్ల బాలిక యొకతె లేచి తనకు వచ్చిన ఘట్టమును పాడినది. మెడచుట్టు ఎఱ్ఱని కుట్టుపని రవిక, ఎండకు నల్లబడిన చేతులు. ఎంతవఱకు వచ్చునని యడుగగా, ఆ యొక్క ఘట్టమే వచ్చుననియు, తక్కినది నేర్చుచున్నాననియు చెప్పినది. వృద్ధురాలు మరల నందుకొన్నది గాని, ప్రొద్దు వాలుచుండుటచేతను, ఏరు దాటి యిండ్లకు బోవలసిన పిల్లలుండుటచేతను, పాటను నడుమ నాపి యందఱును లేచిరి.