ఒక్క కాలువ

పొలం అమ్మగా వచ్చిన డబ్బంతా ఒకే కంపెనీ వాటాల్లో పెట్టి, ఇరవయ్యేళ్లు కదపకూడదట! మా తమ్ముడి వాదన. "నమ్మి చెడినోడు లేడన్నా!" అంటాడు.

మరి సత్యం మాటేమిట్రా అన్నాను. లెక్కల్లో లేని కోట్లు ఉన్నట్టు చూపానని 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజే ఉత్తరం రాశాడు. షేరు ధర ఆ ఒక్కరోజే ముప్పాతికకు మించి పడిపోయింది.

వాడు తగ్గితేనా! 2013లో సత్యాన్ని కలుపుకున్న టెక్ మహీంద్రా 17 వాటాలకు తనవి 2 ఇచ్చింది. 2015లో బోనసూ విభజనా కలిసి ఆ 2 కాస్తా 8 అయ్యాయి. ఓర్చుకున్నవాడికి మిగల్లేదా, అన్నాడు.

మిగిలింది, కాదనను. ఆ నడుమ నాలుగేళ్లలో పిల్ల పెళ్లి ముంచుకొచ్చినవాడి సంగతో? మా మహమ్మద్‌నగర్‌కు నిజాంసాగరం ఎంత దగ్గరైనా, అమ్మ కాలువనొక్కదాన్నే నమ్ముకోలేదు. చేలో బావి తవ్వించింది. డబ్బు ఆమె పేరనే ఉంది. చెక్కు మీద ఇంకా సంతకం చేయలేదు.