అద్దెకొచ్చేవాళ్లు ఏం చూస్తారు?

అమీర్‌పేట, ఎస్సార్ నగర్, కూకట్‌పల్లి వీధుల్లో ఏ గేటు చూసినా టులెట్ బోర్డే. పక్కపక్కనే రెండు అపార్ట్‌మెంట్లు, అవే రెండు పడగ్గదులు, అదే అద్దె. ఒకచోట బోర్డు వారంలో దిగిపోతుంది, ఇంకోచోట నెలల తరబడి ఎండకు వెలిసిపోతుంది. తేడా ఎక్కడుందో ఇల్లు చూడ్డానికొచ్చిన ఇల్లాలి మొదటి ప్రశ్న చెప్పేస్తుంది: “నీళ్లకు ఇబ్బంది లేదు కదండీ?”

హైదరాబాద్‌లో ఆ ప్రశ్నకు వందేళ్ల చరిత్ర ఉంది. 1908 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు కట్టిన ఉస్మాన్‌సాగర్, అంటే గండిపేట చెరువు, 1920లో పూర్తయింది. గండిపేట నీళ్లు తాగినవాళ్లు ఈ ఊరు వదలరని పెద్దవాళ్లు ఇప్పటికీ అంటారు. ఊరు పెరిగేకొద్దీ మంజీరా, కృష్ణా, గోదావరి జలాలూ వచ్చి చేరాయి. అయినా చాలా కాలనీల్లో కుళాయి నీళ్లు రోజు విడిచి రోజే. మిగతాదంతా బోరు. ఆ నీళ్లతో గీజరు కాయిల్‌కు, పంపు మూతికి తెల్లటి పొర కడుతుంది, పప్పు ఓ పట్టాన ఉడకదు, బట్టలు మురికి వదలవు. అందుకే ముందుచూపున్న ఓనరు కుళాయి నీళ్లకు విడిగా సంపు, ట్యాంకు కట్టించి వంటింట్లో వాటికో పంపు పెట్టిస్తాడు. ఇల్లు చూపించేటప్పుడు ముందు ఆ పంపే తిప్పి చూపిస్తాడు.

కాగితాల పనీ సౌకర్యమే. నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితంగా నీళ్లిచ్చే పథకాన్ని జలమండలి 2021 జనవరిలో మొదలుపెట్టింది. దానికి కనెక్షన్‌కు మీటరుండాలి, ఆధార్ జతచేయాలి. ఆ కాస్త శ్రమ తీసుకున్న భవనంలో నెలవారీ మెయింటెనెన్స్ తగ్గుతుంది. ఇంకుడు గుంత తవ్వించిన చోట వేసవిలో బోరు కొన్నాళ్లు ఎక్కువ నిలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకరు ఖర్చు ఎవరిదన్న దగ్గరే ఓనరుకూ అద్దెకున్నవాళ్లకూ మాటా మాటా పెరుగుతుంది. 2024 వేసవిలో బెంగళూరు నీళ్లకు పడిన పాట్లు చూశాక ఈ విషయంలో అశ్రద్ధ క్షమించరానిది.

లిఫ్టుకు జనరేటరు, గేటు దగ్గర సీసీ కెమెరా, బైకుకు నీడ ఉండేవే అనుకుని వస్తారు. 2020 లాక్‌డౌన్ తర్వాత ఫైబర్ ఇంటర్నెట్ కూడా ఆ జాబితాలో చేరింది. గదిలో వైఫై, టేబుల్ వేసుకునేచోట నాలుగు ప్లగ్గులు ఉన్నాయో లేదో చూడందే ఉద్యోగం చేసుకునే జంట అడ్వాన్సు ఇవ్వడం లేదు. ఎలక్ట్రిక్ స్కూటర్లు వచ్చాక పార్కింగ్‌లో ఛార్జింగ్ పాయింటు కూడా అడుగుతున్నారు.

స్విమ్మింగ్ పూల్, క్లబ్‌హౌస్ బ్రోషర్లో బాగుంటాయి. కానీ వాటి ఖర్చు మెయింటెనెన్స్‌లో కలుస్తుంది, పూల్లో దిగినా దిగకపోయినా కట్టాలి. అంతకన్నా కిటికీలకు దోమల మెష్, బాల్కనీలో బట్టలారేసే తాళ్లు, వాషింగ్ మెషీన్ దగ్గర నీళ్ల పంపు, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను, సామాను సర్దుకోవడానికి తలుపులున్న అలమరలు అద్దెకున్నవాళ్లను ఎక్కువకాలం నిలబెడతాయి. ఖర్చు స్వల్పం. దోమలు మూగే హైదరాబాద్ సాయంత్రాల్లో ఆ మెష్ విలువ చంటిపిల్లలున్న తల్లికి తెలుస్తుంది.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది మనిషి. పైపు కారుతోందని ఫోన్ చేస్తే ఎత్తే ఓనరు, సాయంత్రానికి ప్లంబరును పంపే ఓనరు దొరికితే ఏటా అయిదు వందలు పెంచినా ఎవరూ కదలరు. ఏ మరమ్మతు ఎవరిదన్న పేచీకి 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం దారి చూపింది. గోడల సున్నం, పైపుల మార్పిడి, వైరింగ్ ఓనరువి. కుళాయిలు, స్విచ్చులు, గీజరు మరమ్మతు అద్దెకున్నవాళ్లవి. ఇల్లు చూడ్డానికి రావాలంటే ఓనరు 24 గంటల ముందు చెప్పాలి. నివాసాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదు. రాష్ట్రాలు చట్టం చేస్తేనే ఇది అమలవుతుంది. అయినా ఒప్పంద పత్రంలో ఈ మాటలు రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. బెంగళూరులో పది నెలల అడ్వాన్సు కట్టిన తెలుగు కుర్రాళ్లకు ఈ రెండు నెలల నిబంధన ఎంత ఊరటో వేరే చెప్పాలా?

“బ్యాచిలర్లకు ఇవ్వం” అనే మాట కూడా మానుకోవాలి. కోచింగుకో కొలువుకో కరీంనగర్ నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చిన పిల్లలకు తల దాచుకునే చోటు కావాలి. తాగి గోల చేసేవాళ్లు కుటుంబాల్లోనూ ఉంటారు. నియమాలు రాసి సంతకం పెట్టించుకుంటే సరిపోతుంది.

ఓనర్లకు ఒక మనవి. ఇల్లు ఖాళీ చేసినవాళ్ల అడ్వాన్సును పెయింటింగ్ పేరిట కోత పెట్టకుండా తాళం అందుకున్న రోజే ఇచ్చేయండి. వాళ్లు తమ ఆఫీసులో, బంధువుల్లో ఎవరికి ఇల్లు కావాలన్నా మీ నంబరే ఇస్తారు.