సాక్ష్యము లేని గాయము

సూరత్ నగరపు శివారున, ఉధ్నా, లింబాయత్ పేటలకు సమీపమున, డిండోలి అను ప్రాంతము కలదు. మరమగ్గముల చప్పుడు ఆ వైపు వాడలకు కొత్తది కాదు. తెలంగాణ జిల్లాలనుండి బ్రతుకుతెరువు వెదకికొనుచు వచ్చిన పద్మశాలి కుటుంబములు అనేకము సూరత్‌లో స్థిరపడినవి. వారికి ఇంటిలో తెలుగు, వీధిలో హిందీ, కచేరీలో గుజరాతీ. మగ్గముల నడుమ ముప్పదియేండ్లు నిలిచి పనిచేసినవానికి మెల్లగా చెప్పిన మాట వినబడదు. ఇంటివారు బిగ్గరగా మాటాడుట అలవరచుకొందురు. చూచువారికి అతని చెవి చక్కగనే యుండును. నెత్తురు లేదు, మచ్చ లేదు. ఏ దినమున, ఏ గడియలో ఆ వినికిడి పోయినదో అతడే చెప్పలేడు.

అయినను చట్టము ఈ హానిని గుర్తించినది. ఇ.ఎస్.ఐ. అని జనులెరిగిన 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టపు వృత్తిరోగముల పట్టికలో చప్పుడువలన కలుగు చెవుడు చేరినది. నిర్ణీతమైన పనిలో నిర్ణీత కాలము గడపినవానికి అట్టి రోగము వచ్చినచో, అది పనివలననే వచ్చినదని ముందుగా భావింపవలెను; కాదనువారే దానిని నిరూపింపవలెను. పదిమందికంటె తక్కువ పనివారున్న చిన్న షెడ్డులకు ఆ చట్టపు నీడ సాధారణముగా అందలేదన్నది వేరు దుఃఖము. సూత్రము మాత్రము గొప్పది. తేదీ చెప్పలేని గాయము, సాక్షి లేని గాయము, చూచుటకు కనబడని గాయము కూడ గాయమేయని రాజ్యము ఒప్పుకొనుట చిన్న విషయము కాదు.

ఇదే న్యాయము సైనికుని విషయమున ఎంతవరకు నడచునన్నది విచారింపదగినది. రణరంగమున తగిలిన గాయమునకు సాక్షులు కలరు. తూటా తగిలిన చోటు, వేళ, మోసికొని వచ్చినవారి పేర్లు, శస్త్రచికిత్స చేసిన వైద్యుని సంతకము, అన్నియు దస్తరమున చేరును. కాని సేనలోని స్త్రీకిగాని పురుషునికిగాని శత్రువుచేత గాక తన బలగములోని వానిచేతనే, ఒక్కొక్కప్పుడు తనకు ఆజ్ఞలిచ్చువానిచేతనే, లైంగికహింస కలిగినచో దానిని వ్రాసిపెట్టువారెవరు? ఫిర్యాదు వినవలసిన అధికారి, సెలవు ఇచ్చు అధికారి, పదోన్నతికి సిఫారసు వ్రాయు అధికారి ఒక్కరే కావచ్చును. అపరాధి ప్రక్కనే మరునాడు కవాతు చేయవలెను. ఒకే భోజనశాలలో తినవలెను. ఇతర ఉద్యోగి విసిగిన దినమున రాజీనామా ఇచ్చి పోగలడు. సైనికుడు చెప్పక వెడలినచో పారిపోయినవాడని శిక్ష పొందును. ఇట్టి స్థితిలో నోరు మెదపకుండుట పిరికితనము కాదు, ప్రాణరక్షణ. ఏండ్లు గడచును. నిద్ర పట్టకపోవుట, చిన్న అలికిడికి ఉలికిపడుట, మద్యము, ఇంటివారితో పొసగకపోవుట, ఇట్టి రూపములలో ఆ గాయము బయటపడును. సేవ ముగిసి పదియేండ్లయిన పిదప గాని అది వైద్యుని గడప త్రొక్కకపోవచ్చును.

ఈ గాయమునకు ఒక పేరు పెట్టి, దాని చికిత్సకు ప్రత్యేకముగా శాసనము చేసిన దేశము అమెరికా. 1991లో లాస్ వేగాస్ నగరమున నౌకాదళ వైమానికుల సమావేశమైన టెయిల్‌హుక్‌లో స్త్రీలపై జరిగిన దౌర్జన్యము ఆ దేశమును కలచివేసినది. మరుసటి యేడు, 1992లో, లైంగికాఘాతమునకు గురియైన మాజీ సైనిక స్త్రీలకు మానసిక చికిత్స ఇచ్చుటకు చట్టము వెలువడినది. 1994లో ఆ సదుపాయము పురుషులకును విస్తరించినది. అచ్చటి మాజీ సైనికుల శాఖ ఆసుపత్రులలో దీనికి సంబంధించిన చికిత్స ఉచితము. ఆనాడు ఫిర్యాదు చేసితివా యని అడుగరు, పత్రము చూపుమనరు, పింఛను మంజూరు కావలెననియు లేదు. చికిత్సకు వచ్చిన ప్రతి మాజీ సైనికుని ఏకాంతమున ఈ విషయము అడుగుట అచ్చటి పద్ధతి. అట్లు అడుగగా స్త్రీలలో ఇంచుమించు ముగ్గురిలో ఒకరు, పురుషులలో ఏబదిమందిలో ఒకరు అవునని చెప్పిరి. సేనలో పురుషుల సంఖ్య పెద్దది గనుక ఆ ఏబదింట ఒకరి మొత్తము కూడ పెద్దదే. అడుగువారు లేకుండిన ఈ జవాబులలో ఎన్నియో గొంతులోనే యుండిపోయెడివి.

చికిత్స ఇచ్చినంత సులభముగా ఆ దేశము భృతి ఇయ్యలేదు. భృతికి ఋజువు కావలెను. 2002 నాటి నియమము ఈ చిక్కును కొంత విప్పినది. సేనా దస్తరములో ఫిర్యాదు లేకున్నను, బ్రతుకులో మిగిలిన జాడలను సాక్ష్యముగా గ్రహింపవచ్చునని అది చెప్పినది: హఠాత్తుగా బదిలీ కోరుట, చక్కగా పనిచేయువాని పని ఒక్కసారి చెడుట, ఆ దినములలో తల్లికో స్నేహితునికో వ్రాసిన ఉత్తరము, గర్భపరీక్షకు పోయిన లెక్క. నియమము మంచిది, నడపినవారు ఎల్లప్పుడు మంచిగా నడపలేదు. తిరస్కరింపబడిన ఇట్టి అర్జీలలో దాదాపు సగము సరియైన పద్ధతిని విచారింపబడలేదని 2018లో ఆ శాఖ తనిఖీ అధికారులే తేల్చిరి. చట్టమునకు కన్ను ఇచ్చినను, గుమాస్తా ఆ కన్ను తెరవకున్నచో అర్జీదారుడు చీకటిలోనే యుండును.

ఋజువు లేకయే ఆదుకొనినచో బొంకువారు బయలుదేరరా యని కొందరు శంకింతురు. ఆ శంక మూడు వేరువేరు త్రాసులను ఒకటిగా చూచుటవలన కలుగుచున్నది. ఒకనిని చెరసాలకు పంపుటకు గట్టి సాక్ష్యము కావలెను. అందు సడలింపు తగదు. భృతి ఇచ్చుటకు సాక్ష్యము కావలెను గాని, జాడలను బట్టి నిదానించు దయ కూడ కావలెను. చికిత్సకు రోగి బాధ చాలును. విరిగిన చేతికి కట్టుకట్టుటకు ముందు, విరిచినవాడెవడో న్యాయస్థానము తేల్చువరకు ఆగుమని ఏ వైద్యుడును చెప్పడు. విరిగిన మనస్సునకు మాత్రము ఆ మాట చెప్పుట ఏ నీతి?

భారతదేశమున ఈ ప్రశ్న దినదినము దగ్గరగుచున్నది. 1992లో సైన్యపు పెక్కు శాఖలలో స్త్రీలు అధికారులుగా చేరసాగిరి. 2020లో సుప్రీంకోర్టు వారికి శాశ్వత నియామకము ఇయ్యవలెనని తీర్పు చెప్పినది. 2025లో జాతీయ రక్షణ అకాడమీనుండి 17 మంది యువతులు మొదటిసారిగా పట్టము పొంది వెలువడిరి. మాజీ సైనికుల వైద్యమునకు 2003లో అంశదాయి ఆరోగ్య పథకము ఏర్పడినది. స్వల్పకాల సేవ చేసిన అధికారులకు, అనగా పెక్కుమంది స్త్రీలకు, అందులో చోటు దొరకినది 2019లోనే. 2022 నాటి అగ్నిపథ్ నియమముల ప్రకారము నాలుగేండ్లకు ఇంటికి వచ్చు అగ్నివీరునకు మాజీ సైనికుడను హోదాయు లేదు, ఆ వైద్యమును లేదు. గాయము మాత్రము నాలుగేండ్ల ఒప్పందమునకు లోబడి యుండదు.

అంగవైకల్య పింఛను విషయమున 2013లో సుప్రీంకోర్టు ధరంవీర్ సింగ్ వ్యాజ్యమున ఒక ఉదారమైన మాట చెప్పినది. సేనలో చేరునాడు వ్యాధి యున్నట్లు వ్రాయబడనిచో, తరువాత వచ్చిన వ్యాధి సేవవలన వచ్చినదనియే తలపవలెను. కాదనుటకు ఋజువు ప్రభుత్వమే చూపవలెను. మగ్గపువాని చెవుడుకు చట్టము చూపిన న్యాయమే ఇది. ఈ న్యాయమును లైంగికాఘాతమువలన కలిగిన మనోవ్యాధికి స్పష్టముగా వర్తింపజేయుట మిగిలిన పని.

చికిత్స విషయమున సాధారణ ప్రజలకు ఒక చట్టము కలదు. అత్యాచారమునకు గురియైన స్త్రీకి ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నియు వెంటనే ఉచితముగా చికిత్స చేయవలెనని 2013లో శాసనమైనది. నేడది భారతీయ నాగరిక సురక్షా సంహిత 397వ సెక్షను. డిండోలి వీధిలోని నేతకత్తెకును, శిబిరములోని సిపాయికిని అది సమానమే. కాని ఆ సెక్షనే పోలీసులకు వెంటనే తెలుపుమనియు చెప్పుచున్నది. చెప్పుకొనుటకు జంకు స్త్రీకి ఆ వాక్యము ఆసుపత్రి గుమ్మమున అడ్డుకఱ్ఱ యగును. ఇక వయోజనుడైన పురుషునకు జరిగిన అత్యాచారమునకు 2024లో అమలునకు వచ్చిన శిక్షాస్మృతిలో ప్రత్యేకముగా పేరే లేదు.

మరియొక అడ్డంకి భాష. చెవుడు గలవాడు సైగతో తన బాధ తెలుపగలడు. ఈ బాధకు మాట తప్ప వేరు సాధనము లేదు. వలసవాడలోని తెలుగు ఇల్లాలు కడుపునొప్పిని వచ్చీరాని హిందీలో వైద్యునికి చెప్పగలదు. సిగ్గుతోను భయముతోను ముడివడిన దానిని తల్లిభాషలో గాని చెప్పలేదు. పరరాష్ట్రమున కొలువుచేయు సిపాయి గతియు అంతియే. ఈ కొరతను తీర్చు యత్నమొకటి 2022 అక్టోబరులో మొదలైనది. టెలి మానస్ అను ఆ సేవకు 14416 అను సంఖ్యకు టెలిఫోను చేసి, తెలుగు మొదలగు దేశభాషలలో మనోవ్యథను చెప్పుకొనవచ్చును. పేరు చెప్పి కచేరీలో నిలువబడ నక్కరలేదు. 2023 డిసెంబరులో సైనికులకును వారి కుటుంబములకును పుణె సైనిక వైద్య కళాశాలలో దానికి ప్రత్యేక విభాగము తెరచిరి. టెలిఫోను వైద్యము కాదు గాని, వైద్యమునకు మొదటి మెట్టు.

సేవచేసి వచ్చినవారి యెడల రాజ్యమునకు గల ఋణము పతకములతోను పింఛనుతోను తీరునది కాదు. సైనికుని నమ్మి దేశము నిద్రించును. దేశమును నమ్మి సైనికుడు శిబిరమున నిద్రింపగలుగవలెను. ఆ నిద్ర చెడినవారు ఏనాడైనను ఆసుపత్రికి వచ్చినచో, వారిని మొదట అడుగవలసినది ఋజువు ఏదియని కాదు, ఎన్నాళ్లనుండి నిద్ర లేదని.