లెక్కలో లేని క్లాక్

ఆస్పత్రి వార్డులో నర్సులు చేత్తో పట్టుకుని తిరిగే పేషెంట్ మానిటర్ ఒకటి తయారుచేసే పనిలో నేను కెర్నెల్ వైపు ఉన్నాను. హైదరాబాద్‌లో చిన్న జట్టు మాది. లినక్స్ నడిచే ఆర్మ్ చిప్, దాని చుట్టూ మేం గీసుకున్న బోర్డు, ఒక బ్యాటరీ. చిప్ అమ్మినవాళ్లు ఇచ్చిన కెర్నెల్ మీద మా డ్రైవర్లు. తయారై వచ్చిన బోర్డు మీద మొదటిసారి లాగిన్ ప్రాంప్ట్ కనబడ్డ రోజు అందరం సంతోషపడ్డాం. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. బోర్డు కొన్నిసార్లు చక్కగా లేచేది, కొన్నిసార్లు బూట్ మధ్యలో బిగుసుకుపోయేది.

ప్యానిక్ సందేశం ఉండేది కాదు. స్టాక్ ట్రేస్ ఉండేది కాదు. సీరియల్ కన్సోల్ మీద వరసలు దొర్లుతూ దొర్లుతూ ఒకచోట ఆగిపోయేవి. కీ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. జేట్యాగ్ తగిలించి కోర్‌ని ఆపబోతే డీబగ్గర్ టైమవుట్ అని చెప్పి ఊరుకునేది. కాసేపటికి వాచ్‌డాగ్ రీసెట్ కొట్టేది. మరుసటి బూట్ ఒక్కోసారి ఏమీ జరగనట్టే నిక్షేపంలా పూర్తయ్యేది. ఎప్పుడూ చెడిపోయేదాన్ని పట్టుకోవచ్చు. అప్పుడప్పుడు చెడిపోయేదాని దగ్గర మనిషికి తన కళ్ల మీదే నమ్మకం పోతుంది.

ఆ రోజులు అర్థం కావాలంటే చిప్ లోపల క్లాకుల సంగతి కొంచెం చెప్పాలి. బోర్డు మీద 24 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంటుంది. పీఎల్‌ఎల్‌లు ఆ వేగాన్ని వందల మెగాహెర్ట్జ్‌లకు పెంచుతాయి, డివైడర్లు కావలసినంతకు తగ్గిస్తాయి, చివర ఒక్కో భాగానికీ ఒక్కో గేటు ఉంటుంది. గేటు మూస్తే ఆ భాగంలో ట్రాన్సిస్టర్లు మారడం ఆగిపోతుంది. అలా మారేటప్పుడు ఖర్చయ్యే పవర్ ఫ్రీక్వెన్సీని బట్టీ, వోల్టేజీ వర్గాన్ని బట్టీ పెరుగుతుంది కాబట్టి, అక్కరలేని క్లాక్ ఆపితే బ్యాటరీ మిగులుతుంది. నర్సు చేతిలోని మానిటర్ నైట్ డ్యూటీ మధ్యలో ఆరిపోకూడదు. అందుకని క్లాకులు ఆపడం మాకు తప్పనిసరి పని.

లినక్స్‌లో ఈ పనంతా కామన్ క్లాక్ ఫ్రేమ్‌వర్క్ చూస్తుంది. 2012లో 3.4 కెర్నెల్‌తో వచ్చింది. అంతకు ముందు ఒక్కో ఆర్మ్ చిప్ కుటుంబానిది ఒక్కో సొంత పద్ధతి. ఈ ఫ్రేమ్‌వర్క్ ప్రతి క్లాక్‌కూ ఒక లెక్క పెట్టుకుంటుంది. డ్రైవర్ వచ్చి క్లాక్ అడిగితే లెక్క ఒకటి పెరుగుతుంది, దాని పై క్లాక్‌కూ పెరుగుతుంది, అలా పీఎల్‌ఎల్ దాకా. వదిలేస్తే అదే దారిలో తగ్గుతుంది. బూట్ చివరి దశలో ఫ్రేమ్‌వర్క్ చెట్టంతా ఒకసారి తిరిగి, హార్డ్‌వేర్‌లో ఆన్‌లో ఉన్నా లెక్క సున్నాగా ఉన్న క్లాకులన్నిటినీ ఆపేస్తుంది. బూట్‌లోడర్ తన అవసరానికి ఆన్ చేసి వదిలేసిన క్లాకులు ఇలా శుభ్రమవుతాయి.

మాకు మొదట తగిలిన దెబ్బ ఈ శుభ్రతతోనే. బూట్‌లోడర్ తెర మీద కంపెనీ లోగో చూపించేది. డిస్‌ప్లే డ్రైవర్ మాడ్యూల్‌గా తర్వాతెప్పుడో లోడ్ అయ్యేది. ఈలోపు డిస్‌ప్లే క్లాక్ లెక్క సున్నా కావడంతో కెర్నెల్ దాన్ని ఆపేసేది, తెర చీకటయ్యేది. చిప్ వాళ్ల సపోర్ట్‌ను అడిగితే కెర్నెల్ కమాండ్ లైన్‌లో 'క్లాక్ ఇగ్నోర్ అన్‌యూజ్డ్' అనే పారామీటర్ పెట్టమన్నారు. పెట్టాం. ఆ చివరి ఊడ్పు ఆగింది, తెర వెలిగింది. కానీ బోర్డు బిగుసుకుపోవడం అలాగే ఉంది. పైగా అక్కరలేని క్లాకులన్నీ తిరుగుతూ ఉండటంతో బ్యాటరీ మేం అనుకున్నదానికన్నా చాలా ముందే అయిపోయేది.

ఆ పారామీటర్ వల్ల జరిగిన అసలు నష్టం బ్యాటరీది కాదు, మా ఆలోచనది. "క్లాకులన్నీ ఆన్‌లోనే ఉన్నాయి కదా, ఇక క్లాక్ సమస్య ఎలా అవుతుంది?" అని మీటింగ్‌లో ఒక మాట వచ్చింది. అందరికీ సబబుగానే అనిపించింది. కెర్నెల్ మీంచి అనుమానం తీసేశారు. ఇక మిగిలింది బోర్డు. బోర్డు అంటే, దాన్ని గీసిన మా హార్డ్‌వేర్ అన్న.

ఆయన నాకన్నా వయసులో, అనుభవంలో పెద్దవారు. పవర్ రెయిల్స్ అన్నీ స్కోప్ మీద కొలిచారు. మెమరీ పరీక్షలు రాత్రంతా నడిపారు. కెపాసిటర్లు మార్చారు. చిప్ మీద ఫ్రీజ్ స్ప్రే కొట్టి చూశారు, వేడి గాలి పెట్టి చూశారు. చిప్ కింద సోల్డర్ బాల్స్ సరిగా అతుక్కున్నాయో లేదో చూడటానికి ఎక్స్‌రే తీయించారు. ఎక్కడా లోపం దొరకలేదు. లోపం దొరకనందుకే ఆయన మీద ఒత్తిడి ఇంకా పెరిగింది. ప్రతి సమావేశంలోనూ "మీ బోర్డు ఎప్పటికి సరిచేస్తారు?" అనే ప్రశ్న ఆయనకే. ఒక సాయంత్రం ల్యాబ్‌లో నన్ను అడిగారు: "నువ్వే చెప్పమ్మా, ఇంకేం కొలవమంటావ్?" నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ఇంటికి వెళ్లాక అన్నం సయించలేదు.

దారి చూపించింది కెర్నెల్ డాక్యుమెంటేషనే. మేం పెట్టిన పారామీటర్ గురించి అందులో ఉన్న నాలుగు వాక్యాలనూ నింపాదిగా చదివాను. అది క్లాకులను ఎప్పటికీ ఆన్‌లో ఉంచదనీ, ఎవరికోసమూ పట్టి ఉంచదనీ అందులో స్పష్టంగా ఉంది. అది ఆపేది బూట్ చివరి ఊడ్పును మాత్రమే. అంటే, వేరే దారిలో ఎవరైనా ఒక క్లాక్‌ను ఆపేస్తే అడ్డుకునేవాళ్లు లేరు. మరి ఆ వేరే దారి ఏది?

ఫ్రేమ్‌వర్క్‌లో క్లాక్ ఆన్ కావడం రెండు దశల్లో జరుగుతుంది. ఎనేబుల్ క్షణంలో జరగాల్సిన పని, గేటు తెరవడంలాంటిది. ప్రిపేర్ అంతకు ముందు, కాస్త సమయం తీసుకుని జరిగే పని. పీఎల్‌ఎల్ స్థిరపడటానికి సమయం పడుతుంది కాబట్టి దాని ఆన్, ఆఫ్ చాలా చిప్‌లలో ఈ ప్రిపేర్ దశలోనే ఉంటాయి. రెండు దశలకూ కెర్నెల్‌లో ట్రేస్ ఈవెంట్లు ఉన్నాయి: పని మొదలయ్యే ముందు ఒకటి, పూర్తయ్యాక ఒకటి. వాటిని బూట్ నుంచే ఆన్ చేసి, నేరుగా సీరియల్ కన్సోల్ మీద అచ్చయ్యేలా పెట్టాను. బూట్ బాగా నెమ్మదించింది. సమస్య దాక్కుంటుందేమోనని భయపడ్డాను. దాక్కోలేదు.

బోర్డు బిగుసుకున్నప్పుడు కన్సోల్ మీద చివరి వరస ఒక పీఎల్‌ఎల్‌ను అన్‌ప్రిపేర్ చేయడం మొదలైందని చెప్పింది. దాని కింద రావాల్సిన 'పూర్తయింది' అనే వరస రాలేదు. మళ్లీ బిగుసుకునేదాకా బూట్ చేశాను. అదే పీఎల్‌ఎల్, అక్కడే ఆగింది. బాగా లేచిన బూట్‌ల లాగ్‌లో వెతికితే ఆ పీఎల్‌ఎల్ ఆగడమే లేదు. దాన్ని ఆపేది ఎవరని పైకి చదువుకుంటూ వెళ్తే, రోగి చేతిపట్టీ మీది బార్‌కోడ్ చదవడానికి పెట్టిన కెమెరా డ్రైవర్ కనిపించింది.

ఆ డ్రైవర్ తప్పేమీ చేయలేదు. ప్రోబ్ మొదలయ్యాక క్లాక్ తీసుకుంది. తనకు కావలసిన ఇంకొకటి ఇంకా సిద్ధంగా లేదని తెలిసి, తర్వాత ప్రయత్నిస్తానని వాయిదా వేసుకుంది. వెళ్తూ వెళ్తూ తీసుకున్న క్లాక్‌ను పద్ధతి ప్రకారం వదిలేసింది. ఆ క్షణానికి ఆ పీఎల్‌ఎల్‌ను అడిగినవాళ్లు ఇంకెవరూ లేకపోతే లెక్క సున్నా అవుతుంది, పీఎల్‌ఎల్ ఆగుతుంది. డిస్‌ప్లే డ్రైవర్ అప్పటికే లోడ్ అయి ఉంటే, దానికీ అదే పీఎల్‌ఎల్ కాబట్టి లెక్క ఒకటి దగ్గర నిలిచి బోర్డు బతుకుతుంది. మాడ్యూళ్లు ఒకేసారి వేరువేరు కోర్ల మీద లోడ్ అవుతాయి. ఏది ముందు వస్తుందో ఏ బూట్‌కు ఆ బూట్. మమ్మల్ని అంతగా ఏడిపించిన 'కొన్నిసార్లు' అదే.

పీఎల్‌ఎల్ ఆగితే కెమెరా ఆగాలి గానీ బోర్డంతా ఎందుకు చావాలి? ప్రాసెసర్ మిగతా భాగాల రిజిస్టర్లను చేరుకునే సిస్టమ్ బస్ క్లాక్ కూడా ఆ పీఎల్‌ఎల్ కిందే ఉంది కాబట్టి. దాన్ని ఆన్ చేసింది బూట్‌లోడర్. కెర్నెల్‌లో దాన్ని అడిగిన డ్రైవర్ ఒక్కటీ లేదు. చిప్ వాళ్ల క్లాక్ డ్రైవర్‌లో దానికి 'ఊడ్పులో వదిలేయండి' అనే ఫ్లాగ్ మాత్రం పెట్టి ఉంది. ఆ ఫ్లాగ్ వల్ల లెక్క పెరగదు. కాలువ కింద చివరి పొలం రైతు పేరు ఆయకట్టు పుస్తకంలో లేకపోతే, పేరున్న రైతులందరూ చాలన్నాక లస్కరు తూము దించేస్తాడు. అతనికి ఆ పొలం ఉన్నట్టే తెలియదు. మా బస్ క్లాక్‌దీ అదే గతి. బస్ ఆగగానే ప్రాసెసర్ పంపిన అభ్యర్థనకు జవాబు రాదు, కోర్ దానికోసమే ఎదురుచూస్తూ నిలిచిపోతుంది. జేట్యాగ్‌కు కూడా అందనిది అందుకే.

మందు 2016 నుంచీ కెర్నెల్‌లోనే ఉంది. క్లాక్‌ను క్రిటికల్ అని గుర్తించే ఫ్లాగ్ అది. అది పెడితే క్లాక్ నమోదయ్యేటప్పుడే ఫ్రేమ్‌వర్క్ స్వయంగా దాన్ని ప్రిపేర్ చేసి ఎనేబుల్ చేస్తుంది. పైన పీఎల్‌ఎల్ దాకా లెక్క పెరుగుతుంది, ఆ తర్వాత ఎవరు వచ్చి వెళ్లినా సున్నాకు రాదు. బస్ క్లాక్‌కు పాత ఫ్లాగ్ తీసేసి ఇది పెట్టాను. రిలే తగిలించి రాత్రంతా పవర్ తీస్తూ ఇస్తూ ఉంచాం. తెల్లారి అన్న నాకన్నా ముందే వచ్చి లాగ్ చూస్తున్నారు. "ఒక్కసారి కూడా ఆగలేదమ్మా" అన్నారు. ఇద్దరం కలిసి టిఫిన్‌కి వెళ్లాం.

తర్వాత కమాండ్ లైన్ లోంచి ఆ పారామీటర్ తీసేశాను. చీకటి తెరకు విడిగా మందు వేశాను: బూట్‌లోడర్ వదిలివెళ్లిన ఫ్రేమ్‌బఫర్‌కు డివైస్ ట్రీలో ఒక నోడ్ రాసి, అది వాడే క్లాకులన్నీ అందులో పేర్కొన్నాను. అసలు డిస్‌ప్లే డ్రైవర్ వచ్చేదాకా సింపుల్ ఫ్రేమ్‌బఫర్ డ్రైవర్ వాటిని పట్టి ఉంచుతుంది. ఆపైన డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో క్లాక్ సమ్మరీ తెరిచి ఒక్కో వరసా చూసుకుంటూ వెళ్లాను. లెక్క సున్నాగా ఉండి హార్డ్‌వేర్‌లో మాత్రం ఆన్‌లో ఉన్న ప్రతి క్లాక్ దగ్గరా ఆగి, నిజంగా ఎవరికి కావాలో కనుక్కున్నాను. అవసరమున్న డ్రైవర్ చేత అడిగించాను. ఎవరికీ అక్కరలేనివి ఆగిపోయాయి. బల్ల మీది మీటరులో కరెంటు కళ్లముందే దిగింది.

ఈ పనిలో ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఆ పారామీటర్ చెడ్డది కాదు. సమస్య క్లాకుల వైపు ఉందో లేదో మొదట తేల్చుకోవడానికి పనికొస్తుంది. దానితో సమస్య పోతే క్లాకుల వైపు వెతకండి. పోకపోతే మాత్రం క్లాకులు నిర్దోషులని తీర్పు చెప్పకండి. అమ్మే వస్తువులో దాన్ని వదిలేయకండి. ఏ క్లాక్‌నైనా క్రిటికల్ అని గుర్తిస్తే, అది ఆగితే ఏం చస్తుందో పక్కనే కామెంట్‌గా రాయండి. కెర్నెల్ మెయింటెయినర్లు ఆ కారణం అడిగేది ఊరికే కాదు. రాయడానికి రెండు వాక్యాలు చాలు. ఆ రెండు వాక్యాలు రాసేంత శ్రద్ధ ముందే ఎవరైనా పెట్టి ఉంటే, ఏ లోపమూ లేని బోర్డు గీసిన మనిషి అన్ని సమావేశాల్లో సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చేది కాదు.